గిరీశం ఇంగ్లీషు కావాలా, గురజాడ ఇంగ్లీషు కావాలా?



ఈ పేజీలో ఎప్పుడూ పత్తి, మిరప, సుబాబుల్ రేటు, కాలవ నీళ్ళ గురించే రాస్తుంటాను. ఈరోజు చదువు గురించి రాస్తున్నాను. అదీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదవటం గురించి. "వానలు పడి అందరూ పత్తి గింజలు పెట్టుకుంటుంటే ఈయన గోలేంటి" అనుకోకండి. కారణం ఉంది. కొంచెం పొడుగే, ఓపిక చేసుకొని చదవండి.

మొన్న ఆదివారం సాయంత్రం మా వీధిలో ఒకాయన కొడుకుని వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చాడు. కుర్రాడు ఈ ఏడే ఇంటర్ పాసయ్యాడు, మంచి మార్కులే. ఇంజనీరింగ్ వద్దు, డిగ్రీలో ఇంగ్లీషు లిటరేచర్ తీసుకుంటానని పట్టుబట్టాడంట. "అన్నా, మీ అమ్మాయి అదే చదివింది గదా. అందులో ఏమీ లేదని నువ్వే వీడికి చెప్పు. నా మాట వినట్లా" అన్నాడు.

ఆయన అడిగిన మాట నేను చెప్పలేకపోయాను. అట్లాగని "చదివించు, బంగారం లాంటి చదువు" అని కూడా వెంటనే అనలేదు. టీ తాగించి పంపించాను. ఆ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలా. ఆయనకి చెప్పాల్సింది అందరికీ చెబితే మంచిదనిపించి ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. మూడేళ్ళ కిందట మా చిన్నది ఇదే చదువుతానన్నప్పుడు నేనూ ఎగిరిపడ్డాను. "ఇంగ్లీషు చదవటానికి మూడేళ్ళు కాలేజీ ఎందుకే, నందిగామలో మూడు నెలలు స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్‌కి వెళ్తే వస్తది" అన్నాను. చివరికి ఒప్పుకున్నాను గానీ, మంచి మనసుతో కాదు. మా పెద్దోడి బీటెక్‌కి అప్పటికే అప్పు చేసి ఉన్నాను. దీనికి ఫీజు తక్కువ. పైగా "ఆడపిల్ల, డిగ్రీ ఏదైతే ఏముందిలే" అనుకున్నాను. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం అదే.

నా ఆలోచన మార్చింది ఒక పాత కాగితం. దాని సంగతి ఈ ఊళ్ళో కొంతమందికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను.

పదేళ్ళు దాటింది. ఆ ఏడు మిరప వేశాం. ఒక కంపెనీ విత్తనం. మొక్క ఏపుగా పెరిగింది, పూత కూడా వచ్చింది, కాయ మాత్రం నిలవలా. మా చుట్టుపక్కల చేలల్లో 14 మందికి ఇదే పరిస్థితి. దరఖాస్తులు పెట్టాం, ఆఫీసర్లు వచ్చి చూసి వెళ్ళారు. కొన్నాళ్ళకి కంపెనీ తరఫున ఒకతను వచ్చాడు. తియ్యగా మాట్లాడాడు. ఎకరానికి 8 వేలు ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నాడు. రెండు పేజీలు, మొత్తం ఇంగ్లీషు.

అందరూ నా వంక చూశారు. అందులో ఇంటర్ దాకా చదివింది నేనొక్కణ్ణే. తీసుకొని చదివాను. "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని ఉంది. ఫుల్ అంటే నిండుగా అని తెలుసు, ఫైనల్ అంటే చివరిది అని తెలుసు, సెటిల్‌మెంట్ అంటే లెక్క తేల్చటం అని తెలుసు. మూడు ముక్కలూ వచ్చు. కలిపితే నాకు అర్థమైంది ఏమిటంటే, ఇప్పుడు ఇచ్చేది అడ్వాన్సు, చివర్లో నిండుగా లెక్క తేలుస్తారు అని. "పెట్టండి, మంచిదే రాశారు" అన్నాను. నా మాట మీద 13 మంది సంతకం పెట్టారు. అందులో ఇద్దరు వేలిముద్ర వేశారు.

ఆరు నెలలు ఎదురుచూసి నందిగామలో ఒక వకీలు దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితం చదివి పక్కన పెట్టాడు. "ఈ 8 వేలతో మా బాకీ మొత్తం తీరిపోయింది, ఇక ఏ కోర్టులోనూ ఏమీ అడగం అని మీరే రాసిచ్చారు. ఇప్పుడు నేనేం చేయను" అన్నాడు. ఎకరానికి పెట్టుబడి లక్ష దాటింది. బయటికొచ్చాక ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలా. అదే నాకు ఎక్కువ బాధ.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. 2012లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జాతీయ విత్తన సంస్థ మీద మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే వేసిన కేసు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల కోర్టుకి వెళ్ళొచ్చు అని చెప్పింది. విత్తనాన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయించి రిపోర్టు తేలేదు కాబట్టి కేసు చెల్లదు అనే వాదన కూడా ఒప్పుకోలేదు. రైతు కొన్న విత్తనమంతా చేలో వేసేస్తాడు గానీ పరీక్ష కోసం దాచిపెట్టుకుంటాడా అని ఆ తీర్పులోని న్యాయం. మేము సంతకం పెట్టేనాటికే ఆ తీర్పు ఉంది. కానీ మాకు తెలియదు. రాజ్యాంగంలో 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం మామూలుగా ఇంగ్లీషులోనే నడుస్తుంది. మన గురించి మన రైతులే గెలిచిన తీర్పు మన భాషలో మన ఊరిదాకా రాలా.

ఇక మా చిన్నది డిగ్రీ రెండో ఏడులో ఉండగా సంక్రాంతి సెలవలకి వచ్చింది. బీరువాలో పట్టాదారు పాసుబుక్కు వెతుకుతుంటే ఈ కాగితం జిరాక్సు దొరికింది. అరుగు మీద కూర్చొని రెండుసార్లు చదివింది. "నాన్నా, ఇందులో 'నేను' అంటున్నది నువ్వు కాదు తెలుసా" అంది. నాకర్థం కాలా. "నీ సంతకం పెట్టించి, నీ నోటితో కంపెనీవాడు మాట్లాడుతున్నాడు. నష్టం ఎంతో ఎక్కడా లేదు. విత్తనం బాగాలేదనే మాటే లేదు. ఎవరి బలవంతమూ లేకుండా పెడుతున్నాను అని మాత్రం మూడుచోట్ల ఉంది. మూడుసార్లు చెప్పారంటేనే అనుమానపడాలి" అంది.

ఇదంతా నీకు ఎవరు చెప్పారే, లా చదవటం లేదుగా అన్నాను. "మాకు నవల చదివేటప్పుడు ఇదే నేర్పుతారు నాన్నా. కథ ఎవరు చెబుతున్నారు, ఎవరి తరఫున చెబుతున్నారు, ఏం చెప్పకుండా వదిలేశారు. ప్రతి పుస్తకాన్నీ ఇవే అడుగుతాం" అంది.

అన్నలారా, ఆ రోజు నాకు తెలిసొచ్చింది. మాటలకి అర్థం తెలియటం వేరు, చదవటం వేరు. నాకు మాటలొచ్చు, చదవటం రాదు. ఆమెకి చదవటం వచ్చింది. ఇంగ్లీషు సాహిత్యం అంటే ఆ చదవటం నేర్పే చదువు.

ఇక్కడ గురజాడ సంగతి చెప్పాలి. కన్యాశుల్కం నాటకం మీలో చాలామంది సినిమాగానైనా చూసే ఉంటారు. మొదటిసారి 1892లో ఆడారు, 1897లో పుస్తకం వేశారు. అందులో గిరీశం ఉన్నాడు గదా, నోరు తెరిస్తే ఇంగ్లీషు. శిష్యుడు వెంకటేశాన్ని వెంటబెట్టుకొని అగ్నిహోత్రావధానులు ఇంట్లో దిగుతాడు. పిల్లాడికి ఎంత ఇంగ్లీషు వచ్చిందో విందామని ఇంట్లోవాళ్ళు ముచ్చటపడితే, గురుశిష్యులిద్దరూ చిన్నపిల్లల నక్షత్రం పాట లాంటి ముక్కలు తలా కొన్ని అప్పజెప్పి అదే ఇంగ్లీషు సంభాషణ అని నమ్మిస్తారు. తల్లి పొంగిపోతుంది. తండ్రి మాత్రం ఈ చదువుకి ఎంత డబ్బు తగలేస్తున్నానో అని లెక్కలేసుకుంటాడు. 130 ఏళ్ళు దాటినా మన ఇళ్ళల్లో అదే నాటకం నడుస్తుంది. చుట్టాలొస్తే "ఏదీ, అంకుల్‌కి ఒక రైమ్ చెప్పు" అనటం లేదా మనం?

ఆ గిరీశాన్ని పుట్టించిన గురజాడ అప్పారావు గారు కూడా ఇంగ్లీషు చదివినవాడే. గిరీశం కంటే వెయ్యి రెట్లు చదివాడు. కుర్రతనంలో ఇంగ్లీషులో కవిత్వం రాసి మెప్పు కూడా పొందాడు. విజయనగరం మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పాడు. కన్యాశుల్కానికి ముందుమాట ఇంగ్లీషులోనే రాశాడు. కానీ నాటకం మాత్రం తెలుగులో, అదీ జనం మాట్లాడే తెలుగులో రాశాడు. పసిపిల్లల్ని ముసలాళ్ళకి డబ్బుకి అమ్ముతున్న సంగతిని అందరి ముందూ పెట్టాడు. ఇంగ్లీషు పుస్తకాలు చదివి ఆయన నేర్చుకున్నది గొప్పలు పోవటం కాదు. తన చుట్టూ జరిగేదాన్ని నిలబడి చూడటం, చూసింది దాచకుండా రాయటం.

కాబట్టి పిల్లల్ని కాలేజీకి పంపేముందు మనల్ని మనం అడగాల్సింది ఇదే. మనకి కావాల్సింది గిరీశం ఇంగ్లీషా, గురజాడ ఇంగ్లీషా? గిరీశం ఇంగ్లీషుకి మూడు నెలల కోచింగ్ చాలు. నేను మా అమ్మాయికి చెప్పింది ఆ ఇంగ్లీషు గురించే. రెండోది రావాలంటే ఏళ్ళు పడుతుంది.

"అయినా ఇంగ్లీషోళ్ళ కథలు మనకెందుకు, రాజులూ రాణులూ పువ్వులూ" అని మీరు అనొచ్చు. నేనూ అట్లాగే అనుకున్నాను. పోయిన ఏడు మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే మా చిన్నది రెండు కథలు చెప్పింది. అప్పటినుంచి ఆ మాట అనట్లేదు.

మొదటిది అమెరికా నవల. "ద గ్రేప్స్ ఆఫ్ రాత్" అని జాన్ స్టైన్‌బెక్ 1939లో రాశాడు. ఒక్లహోమా అనే రాష్ట్రంలో కౌలు రైతులు. వరసగా కరువు, దుమ్ము తుఫాన్లు, పంటలు పోయాయి, అప్పులు పెరిగాయి. బ్యాంకు వాళ్ళు భూములు స్వాధీనం చేసుకొని ఇళ్ళమీదికి ట్రాక్టరు పంపిస్తారు. ట్రాక్టరు తోలేవాడు ఎవరో కాదు, ఆ ఊరివాడి కొడుకే. కూలికి వచ్చాడు. ఇల్లు పడగొట్టించుకుంటున్న రైతు తుపాకీ పట్టుకొని, నిన్ను చంపితే ఇది ఆగుద్దా, నీకు ఆర్డరు ఇచ్చినవాణ్ణి చంపితే ఆగుద్దా అని అడుగుతాడు. వాడికి పైన బ్యాంకు, బ్యాంకుకి పైన ఎక్కడో దూరంలో ఇంకెవరో. చివరికి ఎవరిమీద కోపం తీర్చుకోవాలో ఆ రైతుకి తెలియకుండా పోతుంది.

కల్లంలో మాతోపాటు కాయలు ఏరుతున్న పెద్దాయన ఇది విని పని ఆపేశాడు. ఆయన 20 ఏళ్ళుగా కౌలు చేస్తున్నాడు. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, 11 నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెడితే కౌలు కార్డు ఇస్తారు. ఆ సంతకం దొరక్క ఆయనకి కార్డు లేదు, కార్డు లేక అప్పు లేదు, పంట పోతే పరిహారం లేదు. "అమ్మాయ్, ఇది అమెరికావాడు రాసిందేనా, మన ఊరొచ్చి రాసుకుపోయాడా" అన్నాడు. ఎవరూ నవ్వలా.

రెండోది ఆఫ్రికా కథ. నైజీరియా దేశపు చినువా అచేబె 1958లో రాసిన "థింగ్స్ ఫాల్ అపార్ట్". ఇంగ్లీషు నవలే గానీ రాసింది ఇంగ్లీషువాడు కాదు. అందులో ఒకోంక్వో అనే రైతు. తండ్రి ఆస్తి లేదు. పెద్ద రైతు దగ్గరికి వెళ్ళి కంద లాంటి దుంప విత్తనం పాలికి తెచ్చుకుంటాడు. ఆ ఏడే ముందు ఎండలు మాడ్చేస్తాయి, తర్వాత వానలు ఆగకుండా కురిసి ముంచేస్తాయి. ఆ ఏడు ఒక రైతు చెట్టుకి ఉరేసుకున్నాడని ఒకే ఒక్క ముక్కలో చెప్పి కథ ముందుకెళ్ళిపోతుందంట. మా ఆవిడ చేతిలో కాయలు కిందపెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. మన పల్లెల్లో అలాంటి ఇల్లు తెలియని వాళ్ళు ఎవరున్నారు?

ఆ అచేబె సంగతి కూడా వినండి. ఆయన 1948లో ఇబాదాన్‌లో కొత్తగా పెట్టిన యూనివర్సిటీ కాలేజీలో డాక్టరు చదువుకి స్కాలర్‌షిప్ మీద చేరాడు. ఏడాది తర్వాత అది వదిలేసి ఇంగ్లీషు సాహిత్యానికి మారాడు. స్కాలర్‌షిప్ పోయింది. ఆయన అన్న, సెలవుకి ఇంటికి రావటానికి దాచుకున్న డబ్బు తమ్ముడికి ఇచ్చి చదివించాడు. ఆఫ్రికా గురించి తెల్లవాళ్ళు రాసిన పుస్తకాలు ఆ కాలేజీలోనే చదివి, ఇది మా ఊరు కాదు, మా మనుషులు ఇట్లా ఉండరు అని తెలుసుకొని, తన ఊరి కథ తానే రాశాడు. డాక్టరు సీటు వదులుకున్న కొడుకుని ఆ రోజు ఊళ్ళో ఎంతమంది తిట్టి ఉంటారో ఊహించుకోండి.

అంతదూరం ఎందుకు, మన మండలం సంగతే చూడండి. కంచికచర్లలో పుట్టిన కలేకూరి ప్రసాద్ పేరు మీలో ఎంతమందికి తెలుసు? దళిత కవి. పాటలు కట్టాడు, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి పదుల సంఖ్యలో పుస్తకాలు తెచ్చాడు. 2013లో ఒంగోలులో చనిపోయాడు. మనం రోజూ బస్సు మారే ఊరివాడు, ప్రపంచంలో ఎక్కడెక్కడి అణగారినవాళ్ళ మాటనో తెచ్చి తెలుగువాళ్ళ చేతిలో పెట్టాడు. మనకి ఆయన పేరు తెలియకపోతే ఆ తప్పు మనదే.

ఇటునుంచి అటు వెళ్ళటం కూడా ఉంది. పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన" కథకి 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. న్యూయార్కు పేపరు వాళ్ళు పెట్టిన పోటీ అది. తెలుగులోనే ఉండిపోతే ఆ కథ అక్కడి జడ్జీల చేతికి వెళ్ళేదా?

మన సుబాబుల్ కర్ర లారీలెక్కి భద్రాచలం పేపరు మిల్లుకి పోతుంది. మనం పెంచిన కర్రే కాగితం అవుతుంది. ఆ కాగితం మీద రాసేవాళ్ళలో మాత్రం మన ఊరివాళ్ళు లేరు. విత్తన కంపెనీ రాస్తుంది, బ్యాంకు రాస్తుంది, బీమా కంపెనీ రాస్తుంది, పట్నంనుంచి వచ్చి రెండు గంటలు చేలల్లో తిరిగి ఫొటోలు తీసుకుపోయినవాళ్ళు రాస్తారు. మన గురించి మనమే రాసుకోలేకపోతే, రాసినవాడు చెప్పిందే నిజమవుతుంది.

సరే, మీ ప్రశ్నలకి వస్తాను. మనం అప్పులు చేసేవాళ్ళం, ఉత్త మాటలతో కడుపు నిండదు.

ఉద్యోగం వస్తదా అంటారు. గ్యారంటీ లేదు, ఆ మాట దాచను. దారులు మాత్రం ఉన్నాయి. డిగ్రీ తర్వాత బీఈడీ చేస్తే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టుకి రాయొచ్చు. ఎంఏ చేస్తే జూనియర్ లెక్చరర్, ఆపైన నెట్టో సెట్టో పాసైతే డిగ్రీ కాలేజీ. లాసెట్ రాసి మూడేళ్ళ లా చదవొచ్చు, మా వకీలు లాంటివాళ్ళు మన ఊరినుంచే వస్తారు. గ్రూప్స్ రాయొచ్చు. అనువాదం పని, పుస్తకాల కంపెనీల్లో పని, సినిమాలకి కింద అక్షరాలు వేసే పని ఉన్నాయి. అయితే కాంపస్‌లో కూర్చోబెట్టి ఉద్యోగం ఇచ్చే చదువు ఇది కాదు. ఆలస్యమవుద్ది. ఇంట్లో వెంటనే జీతం రావాల్సిన అవసరం ఉంటే ముందే ఆలోచించుకోండి.

కానీ ఒక మాట. మా పెద్దోడు బీటెక్ చదివాడు. కాలేజీ బస్సు వీధి చివరిదాకా వచ్చేది. పట్టా చేతికొచ్చాక రెండేళ్ళు హైదరాబాదులో హాస్టల్లో ఉండి కోర్సుల మీద కోర్సులు చేస్తే అప్పుడు ఉద్యోగం వచ్చింది. ఆ రెండేళ్ళూ నేనే డబ్బు పంపాను. వాణ్ణి తప్పుపట్టట్లేదు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఊరంతా మిరప వేస్తే రేటు ఏమవుద్దో మనకి తెలుసు. పిల్లలందర్నీ ఒకటే చదువులో వేస్తే ఏమవుద్దో మాత్రం ఆలోచించం.

ఇంకో ప్రశ్న, ఫోనే తెలుగు చేసి పెడుతుంటే ఈ చదువెందుకు అని. నేనూ వాడతాను, ఉపయోగమే. మొన్న ఒక పురుగుమందు కాగితం ఫోన్‌తో ఫొటో తీసి తెలుగు చేయమంటే, ఒకచోట మొక్కని కర్మాగారం అంది. ఇంగ్లీషులో రెండిటికీ ప్లాంటు అనే మాటే గదా. ఇది నవ్వుకొని వదిలేసే తప్పు కాబట్టి నేను పట్టుకున్నాను. మోతాదు దగ్గరో, సంతకం పెట్టే కాగితం దగ్గరో తప్పు చేస్తే పట్టుకునేదెవరు? పైగా కాగితంలో ఉన్నది ఫోను చెబుతుంది. కావాలని రాయకుండా వదిలేసింది ఏమిటో అది మనం అడిగితేనే గదా తెలిసేది. ఆ అడగటం మనకి రావాలి.

కాలేజీల్లో లోపం లేదా అంటే, చాలా ఉంది. మా చిన్నది చెప్పినదాన్ని బట్టే రాస్తున్నాను. చాలామంది పిల్లలు మూడేళ్ళలో ఒక్క నవల కూడా మొదటినుంచి చివరిదాకా చదవరు. బజార్లో గైడు కొనుక్కుంటారు. అందులో కథ సారాంశం, పది ప్రశ్నలు, పది జవాబులు. బట్టీపట్టి రాసేస్తారు. షేక్‌స్పియర్ మీద 80 మార్కులు వచ్చినవాడు సెలవు చీటీ సొంతంగా రాయలేడు. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు. మీడియం మారినంత మాత్రాన చదవటం, రాయటం వస్తాయా? బట్టీ తెలుగులో పట్టినా ఇంగ్లీషులో పట్టినా బట్టీనే.

అందుకని ఎవరైనా పిల్లల్ని ఈ చదువుకి పంపాలనుకుంటే, కాలేజీకి వెళ్ళి బిల్డింగు చూసి రాకండి. మూడు మాటలు అడగండి. ఒకటి, పిల్లలతో అసలు పుస్తకం చదివిస్తారా, గైడుతో సరిపెడతారా. రెండు, పిల్లలు సొంతంగా రాసింది సార్లు దిద్ది, ఎక్కడ తప్పో చెప్పి వెనక్కి ఇస్తారా, ఏడాదికి ఎన్నిసార్లు ఇస్తారు. మూడు, లైబ్రరీ తాళం తీసి ఉంటుందా, పుస్తకం ఇంటికిస్తారా. అక్కడే చదువుతున్న పిల్లల్ని పక్కకి పిలిచి అడగండి, నిజం చెబుతారు. విత్తనం ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొంటే ఏమయిందో మనకి అనుభవమే గదా.

మంచిచోట్లు ఉన్నాయి. హైదరాబాదులో ఇంగ్లీషు కోసమే 1958లో పెట్టిన సంస్థ ఉంది. 2007లో దాన్ని కేంద్ర విశ్వవిద్యాలయం చేశారు, ఇఫ్లూ అంటారు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లీషు విభాగం ఉంది. మనకి దగ్గర్లో గుంటూరు పక్కన నాగార్జున యూనివర్సిటీ, అటు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. ప్రవేశ పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుంటే ప్రైవేటు ఇంజనీరింగ్‌కి అయ్యే ఖర్చు కాదు. మన పిల్లలకి ఈ పేర్లు చెప్పేవాళ్ళు లేకే రాయట్లేదు.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యమైనది. ఇంగ్లీషు చదివితే తెలుగు వదిలేయాలని కాదు. తెలుగు సరిగా రానివాడు ఇంగ్లీషు సాహిత్యం చదివి ఊరికి ఏం తెస్తాడు? మా అమ్మాయికి నేను ఒకటే షరతు పెట్టాను. కాలేజీలో చదివిన ప్రతి పుస్తకం కథా ఇంటికొచ్చినప్పుడు నాకూ వాళ్ళమ్మకీ మన మాటల్లో చెప్పాలి అని. మాకు అర్థం కాకపోతే దానికి అర్థం కానట్టే లెక్క. మొదట్లో తడబడేది. ఇప్పుడు కల్లంలో పదిమంది పని ఆపి వింటున్నారు.

ఇక మా వీధి ఆయనకి నా జవాబు. తమ్ముడూ, మీవాడు ఎందుకు చదువుతానంటున్నాడో ముందు అడుగు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడాలని అయితే వద్దను, దానికి వేరే దారి ఉంది. లెక్కలంటే భయపడి పారిపోతుంటే కూడా వద్దను, ఇక్కడా కష్టం ఉంది. కానీ పుస్తకం చేతికిస్తే అన్నం మర్చిపోయే రకమైతే, ఏదో ఒకటి రాసి దాచుకుంటుంటే, పంపించు. కాలేజీ చూడటానికి నేనూ వస్తాను, ఆ మూడు ప్రశ్నలూ నేనే అడుగుతాను.

మా చిన్నదానికి ఎంఏకి హైదరాబాదులో సీటు వచ్చింది. పెళ్ళి సంబంధాలు చూడమని చుట్టాల ఒత్తిడి ఉంది. చదువు అయ్యాక చూద్దాం అని చెప్పేశాను. వచ్చే నెల పంపిస్తున్నాను. మూడేళ్ళ కిందట లేని మంచి మనసుతో ఈసారి పంపిస్తున్నాను.

వెళ్ళేముందు అది ఒక పని పెట్టుకుంది. విత్తనం కొనేటప్పుడు బిల్లు మీద ఏముండాలి, ప్యాకెట్ ఎందుకు దాచాలి, నష్టం వస్తే ఎవరికి ఏం రాయాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు అనేవి, ఆ 2012 తీర్పులో మనకి పనికొచ్చే ముక్కలతో కలిపి, నాలుగు పేజీల్లో తెలుగులో రాస్తుంది. మా వకీలు గారికి చూపించి సరిచేయించాక ఈ పేజీలోనే పెడతాను. ఆనాడు నా మాట మీద సంతకం పెట్టిన 13 మంది ఇళ్ళకీ జిరాక్సు తీసి నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇస్తాను. పోయిన డబ్బు రాదు. మళ్ళీ అట్లాంటి కాగితం మన ఊరొస్తే మాత్రం చదివేవాళ్ళు ఉండాలి.

నాతో ఒప్పుకోనివాళ్ళు ఉంటే చెప్పండి, వింటాను. రేపు పొద్దున పైచేలో పత్తి గింజలు పెడుతున్నాం. ఉంటానండి.